తీసేవారు, దిగేవారు



ఫొటో గురించి మాట్లాడేటప్పుడు మన తెలుగులో మూడు క్రియలు వాడతాం. కెమెరా పట్టుకున్నవాడు ఫొటో తీస్తాడు. దాని ముందు నిలబడినవాడు ఫొటో దిగుతాడు. తర్వాత ఆ ఫొటో చూసినవాళ్ళు "మీ బాబాయి బాగా పడ్డాడు" అంటారు. తీయడం, దిగడం, పడడం. రోజూ వాడే మాటలే గనుక వాటి మధ్య తేడాను మనం పట్టించుకోం.

కొంచెం ఆగి చూద్దాం. తీయడం అనే మాట మంచికీ చెడుకీ కూడా చెల్లుతుంది. తేనె తీస్తాం, ముల్లు తీస్తాం. పరువు తీసేవారున్నారు, ప్రాణం తీసేవారూ ఉన్నారు. దిగడం అలా కాదు. ఏటిలోకి దిగినా, పొలంలోకి దిగినా, పోటీకి దిగినా అందులో దిగేవాని ఇష్టం ఉంటుంది. పడడంలో ఆ ఇష్టం కనిపించదు. కాలు జారి పడతాం, వలలో పడతాం, నలుగురి నోళ్ళలో పడతాం. కనుక ఒక ఫొటోలో ఉన్న మనిషి దానిలోకి దిగి ఉండవచ్చు, లేదా పడి ఉండవచ్చు. కాగితం మీద రెండూ ఒకలాగే ఉంటాయి. నీతి దృష్టితో చూస్తే రెంటికీ మధ్య చాలా దూరం ఉంది.

ఈ వారం మనం ఆలోచించవలసిన సంగతి ఇది. మిత్రుని పెళ్ళి విందుకు వెళ్ళాం. మనం డబ్బు పుచ్చుకుని వచ్చిన ఫొటోగ్రాఫరు కాదు. ఫొటోలు తీయమని మనల్ని ఎవరూ పిలవలేదు. అభిమానం కొద్దీ, జ్ఞాపకం కోసం, చేతిలో ఉన్న కెమెరాతోనో ఫోనుతోనో నాలుగు ఫొటోలు తీస్తున్నాం. సాయంకాలం దాటింది, వెలుతురు తక్కువగా ఉంది. ఆ మసకలో మన ఫొటోల్లోకి వచ్చేవారు దిగుతున్నారా, పడుతున్నారా? మిత్రునిగా, అతిథిగా, క్రైస్తవునిగా మనం వారికి ఏమి బాకీ ఉన్నాం?

విందు పందిరిలో వెలుతురు

మన విచారణల్లో పెళ్ళి జరిగే తీరు మీకు తెలియనిది కాదు. ఉదయం దేవాలయంలో దివ్యబలిపూజ మధ్య వివాహ సంస్కారం జరుగుతుంది. సాయంత్రం ఇంటి ముందు షామియానాలోనో, ఊరి ఫంక్షన్ హాలులోనో విందు. వేదిక మీద వధూవరులు కూర్చునే కుర్చీల మీద పెద్ద ఫోకస్ లైట్లు పడుతుంటాయి. వెనుక సీరియల్ బల్బులు మెరుస్తుంటాయి. భోజనాల బల్లల దగ్గర ట్యూబులైట్లుంటాయి. అవి దాటితే మసక. ఆ మసకలో చుట్టాలు కుర్చీలు దగ్గరకు జరుపుకుని ఎన్నో ఏళ్ళ ముచ్చట్లు చెప్పుకుంటుంటారు. ఒక తల్లి కొంగు కప్పి బిడ్డకు పాలిస్తుంటుంది. చిన్నప్పుడు కలిసి చదువుకున్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతుంటారు. అలసిపోయిన తాతగారు నోరు తెరిచి నిద్రపోతుంటారు. జనరేటరు దగ్గర కాపలా ఉన్న కుర్రవాడు, పొయ్యిల దగ్గర వంటవాళ్ళు, విస్తళ్ళు ఎత్తే ఆడవాళ్ళు, వాయించి వాయించి చేతులు నొప్పెట్టిన బ్యాండువాళ్ళు కూడా ఆ మసకలోనే ఉంటారు.

వేదిక ఎక్కినవారు తెలిసే ఫొటో దిగుతారు. చీర సర్దుకుంటారు, కాలరు సరిచేసుకుంటారు, ఊపిరి బిగబట్టి నిలబడతారు. కింద ఉన్నవారికి ఆ అవస్థ లేదు. తమనెవరూ చూడడం లేదన్న ధైర్యం వారికి ఆ మసక వెలుతురే ఇచ్చింది. అందుకే అక్కడి ముఖాలు అంత సహజంగా, అంత అందంగా ఉంటాయి. ఫొటో తీసేవాని మనసును అవే లాగుతాయి.

ఇక యంత్రం సంగతి. వెలుతురు తగ్గినప్పుడు మన కనుపాప వెంటనే విచ్చుకుంటుంది గాని, కంటి లోపలి పొర చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి 20 నుండి 30 నిమిషాలు పడుతుంది. కెమెరాకు ఉన్న దారులు మూడు. లెన్సు ద్వారాన్ని పెద్దది చేయాలి, లేదా షట్టరును ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, లేదా ఫిల్ముకు, ఇప్పుడైతే సెన్సారుకు, వెలుతురును పట్టే శక్తి పెంచాలి. మూడింటికీ వెల చెల్లించాలి. ద్వారం పెద్దదైతే ఒక ముఖం స్పష్టంగా వచ్చి, కాస్త వెనుక ఉన్న ముఖం మసకబారుతుంది. షట్టరు సెకనులో 30వ వంతు కంటే నెమ్మదిస్తే చేతి వణుకు ఫొటోలోకి వస్తుంది. సెన్సారును మరీ సున్నితం చేస్తే ఫొటో అంతా ఇసుక చల్లినట్లుంటుంది. నేటి ఫోన్లలోని రాత్రి సదుపాయం చేసేది కూడా ఇంద్రజాలం కాదు. అది వెంటవెంటనే అనేక ఫొటోలు తీసి, ఒకదానిమీద ఒకటి పేర్చి, ఒక్కటిగా కలుపుతుంది. అంతసేపూ తీసేవాడు కదలకూడదు, దిగేవాడూ కదలకూడదు. పరుగెత్తే పిల్లవాడు అందులో నీడలా మిగులుతాడు.

నాలుగవ దారి ఫ్లాషు. దానికి ఒక నియమం ఉంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. పందిరి చివర నిలబడి కొట్టిన ఫ్లాషు వేదికను చేరదు. ఎదురుగా కూర్చున్నవారి కళ్ళను మాత్రం తాకుతుంది. చీకటికి విచ్చుకున్న కనుపాపలోంచి ఆ వెలుగు లోపలికి పోయి, కంటి వెనుక నెత్తుటి ఎరుపును మోసుకుని తిరిగి వస్తుంది. ఫొటోల్లో మనుషుల కళ్ళు ఎర్రగా పడడానికి కారణమిదే.

కనుక మసక వెలుతురులో మంచి ఫొటో కావాలంటే మూడు పనులు చేయక తప్పదు. దగ్గరకు వెళ్ళాలి. చెయ్యి నిలకడగా ఉంచాలి. ఓపిక పట్టాలి. స్నేహానికి కావలసినవీ ఇంచుమించు ఇవే.

బలవంతమూ, చాటుమాటూ

"అయితే ఫ్లాషు వేయకపోతే సరిపోతుంది గదా, ఫాదర్ గారూ?" అని యువకులు అడగవచ్చు. సమస్య అంత తేలికగా తీరేది కాదు. ఫొటోగ్రఫీ చరిత్రలోని ఇద్దరు మనుషులను చూస్తే ఇది తెలుస్తుంది.

మొదటివాడు జేకబ్ రీస్. డెన్మార్కులో పుట్టి న్యూయార్కులో విలేఖరిగా పనిచేసినవాడు. 1887లో జర్మనీలో మెగ్నీషియంతో చేసిన ఫ్లాషు పొడి వచ్చింది. దానితో రీస్ రాత్రివేళ పేదల ఇరుకు గదుల్లోకి వెళ్ళి ఫొటోలు తీశాడు. 1890లో 'హౌ ది అదర్ హాఫ్ లివ్స్' అనే పుస్తకం వేశాడు. గుడ్డివారు ఉంటున్న ఒక గదిలో అతడు వెలిగించిన పొడి వల్ల గోడకున్న కాగితాలకూ గుడ్డపేలికలకూ నిప్పంటుకుంది. ఆ సంగతి అతడే తన పుస్తకంలో రాసుకున్నాడు. ఆ పుస్తకం వల్ల న్యూయార్కు పేదల దురవస్థ కలిగినవారి కంటబడింది. ఆ మేలును కాదనలేం. కాని నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి, ఏం జరిగిందో తెలియక చూస్తున్న ఆ ముఖాలను చూసినప్పుడు, వీరిని ఎవరైనా అడిగారా అన్న ప్రశ్న మనసును వదలదు.

రెండవవాడు ఎరిక్ సాలమన్. జర్మనీలో న్యాయశాస్త్రం చదివిన యూదుడు. 1920ల చివర ఎర్మానాక్స్ అనే చిన్న కెమెరాతో, ఫ్లాషు లేకుండా, దీపాల వెలుతురులోనే దౌత్యవేత్తల సమావేశాలనూ వారి విందులనూ ఫొటోలు తీశాడు. వారు ఆవులించడం, కునుకు తీయడం, గుసగుసలాడడం అందులో కనిపిస్తాయి. 1928లో ఒక న్యాయస్థానంలో టోపీలో కెమెరా దాచి ఫొటో తీశాడు. మనం నేడు పెళ్ళిళ్ళలో ముచ్చటపడే చెప్పకుండా తీసే ఫొటోలకు ఆయన ఒక పితామహుడు. 1944లో నాజీలు ఆయనను ఆష్విట్జ్ శిబిరంలో బలిగొన్నారు.

రీస్ వెలుగుతో చొరబడ్డాడు. సాలమన్ చీకటి చాటున నిలబడ్డాడు. మొదటిదానిలో బలవంతముంది, రెండవదానిలో చాటుమాటుంది. అయితే రీస్ ముందు పేదల అన్యాయపు బ్రతుకుంది. సాలమన్ ముందు లోకాన్ని ఏలే పెద్దలున్నారు. వారు నలుగురి ముందు ఏమి చేస్తున్నారో తెలుసుకునే హక్కు ప్రజలకు కొంత ఉంది. మన మిత్రుని పెళ్ళిలో నిద్రపోతున్న తాతగారి విషయంలో ఆ హక్కు ఎవరికుంది? విలేఖరికి చెల్లిన సాకు అతిథికి చెల్లదు.

మూడు ప్రశ్నలు

ఒక పని మంచిదో చెడ్డదో తేల్చడానికి పునీత థామస్ అక్వినాసు 13వ శతాబ్దంలో మూడు విషయాలను చూడమన్నారు. చేసిన పని ఏమిటి? ఏ ఉద్దేశంతో చేశాం? ఏ పరిస్థితుల్లో చేశాం? మూడూ సరిగా ఉంటేనే పని మంచిదవుతుంది. ఏ ఒకటి చెడినా పని చెడుతుంది. సెమినరీలో నీతిశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ ఇది మొదటి పాఠం. దీన్ని మన సంగతికి అన్వయించి చూద్దాం.

నేనెరిగిన ఒక కుటుంబంలో జరిగినది చెబుతాను. ఇంటర్మీడియట్ చదివే అమ్మాయి తన స్నేహితురాలి అక్క పెళ్ళి విందుకు వెళ్ళింది. మధ్యలో కరెంటు పోయింది. జనరేటరు అందుకునేలోపు ఎమర్జెన్సీ లైటు వెలుతురులో, తన తరగతిలో చదివే అబ్బాయి పక్కన నిలబడి ఏదో మాటకు నవ్వింది. దూరం నుండి ఒక కుర్రవాడు ఫోనుతో ఆ నవ్వును తీశాడు. ఫొటో చాలా బాగా వచ్చింది. సరదాగా స్నేహితుల గ్రూపులో పెట్టాడు. మూడవ రోజుకు అది చేతులు మారి, లేని మాటలు చేర్చుకుని, అమ్మాయి తండ్రి చేతికి చేరింది. ఆ పిల్ల ఆరు నెలలు కాలేజీ గడప తొక్కలేదు.

తీసిన కుర్రవాడు చెడ్డవాడు కాడు. అతని ఉద్దేశంలో కీడు లేదు. ఫొటోలో తప్పు లేదు, అమ్మాయి చేసిన దానిలోనూ తప్పు లేదు. మరి చెడినది ఏది? ఆమెకు తెలియకుండా తీయడం ఒకటి. ఆమెను అడగకుండా పంచడం రెండవది. ఆ ఊళ్ళో, ఆ ఇంట్లో, ఆ వయసు ఆడపిల్లకు ఆ ఫొటో ఎంత బరువో ఆలోచించకపోవడం మూడవది. "నాకు చెడు ఉద్దేశం లేదు" అన్న ఒక్క మాట మనకు చాలా తరచుగా చాలనిపిస్తుంది. అక్వినాసు గారి లెక్కలో అది మూడింట ఒక వంతు మాత్రమే.

ఇప్పుడు రెండవ సంగతి. మరొక ఇంట్లో ఒక తల్లి ఉండేది. కెమెరా కనబడితే చాలు, కొంగు అడ్డం పెట్టుకునేది. "నల్లదాన్ని, నాకెందుకయ్యా ఫొటో" అనేది. కొడుకు స్నేహితుని పెళ్ళిలో, భోజనాలైపోయాక, మరొక కుర్రవాడు కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. అరగంట సేపు ఆమె చెప్పే పాత కబుర్లు విన్నాడు. ఆమె ఎదుటే ఫోను ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. ఏదో చెబుతూ ఆమె పగలబడి నవ్వినప్పుడు ఒక్క ఫొటో తీశాడు. వెలుతురు చాలక అది కొంచెం మసకగా వచ్చింది. వెంటనే ఆమెకు చూపించి "ఉంచనా అమ్మా, తీసెయ్యనా?" అని అడిగాడు. ఆమె చాలాసేపు చూసుకుని "ఉంచరా అయ్యా" అంది. అదే ఏడు ఆమె చనిపోయింది. ఇప్పుడు ఆ ఇంట్లో తిరుహృదయ పటం పక్కన, దండ వేసి ఉన్న ఫొటో అదే. ఆమె నవ్విన ఫొటో ఆ ఇంటిలో అదొక్కటే ఉంది.

ఈ రెండు ఫొటోలూ చెప్పి తీసినవి కావు. రెండూ మసకలోనే తీసినవి. రెండింటిలోనూ నవ్వే ఉంది. అయినా అమ్మాయి ఆ ఫొటోలో పడింది. ఆ తల్లి మాత్రం దిగింది. తీసిన తర్వాతైనా తన ఇష్టంతో దిగింది.

"ముందే అడిగితే సహజత్వం పోతుంది గదా" అన్న అభ్యంతరానికి ఇక్కడే సమాధానముంది. అడగడం అన్నివేళలా మాటలతోనే జరగనక్కరలేదు. పక్కన కూర్చోవడం ఒక అడగడం. కెమెరా దాచకుండా అందరికీ కనబడేలా పట్టుకోవడం ఒక అడగడం. తీసిన వెంటనే చూపించి, వద్దంటే మారు మాట్లాడకుండా చెరిపేయడం అన్నిటికంటే పెద్ద అడగడం. నిద్రపోతున్నవారిని, తాగి తూలుతున్నవారిని, పాలిస్తున్న తల్లిని ఈ విధంగా అడగలేం. కనుక వారిని తీయకూడదు. ఇందులో వేరే తర్కం అక్కరలేదు.

నోవా కుమారులు, యెరికోలో జక్కయ

దైవగ్రంథం ఈ విషయంలో మౌనంగా లేదు. ఆదికాండము 9వ అధ్యాయంలో నోవా ద్రాక్షసారాయము త్రాగి, మత్తులో తన గుడారములో వివస్త్రుడై పడిపోతాడు. హాము తండ్రిని ఆ స్థితిలో చూసి, బయటకు వెళ్ళి అన్నదమ్ములకు చెబుతాడు. షేము, యాఫెతు ఒక వస్త్రాన్ని భుజాల మీద వేసుకుని, వెనుకకు నడిచి వెళ్ళి, తండ్రిని చూడకుండానే కప్పుతారు. హాము తండ్రికి మద్యం పోయలేదు, బట్టలు లాగలేదు. చూశాడు, బయట చెప్పాడు. అంతే. నేటి భాషలో చెప్పాలంటే గ్రూపులో పెట్టాడు. ఆ చూడడాన్నీ ఆ చెప్పడాన్నీ దైవగ్రంథం తేలికగా తీసుకోలేదు. మన విందుల్లో తప్పతాగిన మేనమామ డ్యాన్సును ఫోనులో పట్టి పంచేవారు ఈ అధ్యాయాన్ని ఒకసారి చదువుకోవాలి. మేనమామ చేసినది మంచిపని కాదు. కాని ఆయనకు ఆ పూట కావలసింది చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకువెళ్ళే షేము.

మరొక చూపు లూకా సువార్త 19వ అధ్యాయంలో ఉంది. జక్కయ యెరికోలో సుంకరుల పెద్ద. ఊరందరికీ కంటగింపైనవాడు. పొట్టివాడు గనుక యేసును చూడడానికి మేడిచెట్టు ఎక్కాడు. అంత పెద్ద అధికారి పిల్లవానిలా చెట్టెక్కి కూర్చున్న ఆ క్షణాన్ని మనలో ఎవరైనా చూస్తే ముందు ఫోను తీసేవాళ్ళం. నవ్వుకోవడానికి అంతకంటే మంచి ఫొటో ఏముంటుంది? ప్రభువు ఆ చెట్టు కిందికే వచ్చారు. తల ఎత్తి చూశారు. పేరు పెట్టి పిలిచారు. దిగి రమ్మన్నారు. జక్కయ త్వరగా, సంతోషంగా దిగాడు.

దిగాడు అన్న మాటను గమనించండి. దగ్గరకు రావడం, తలెత్తి చూడడం, పేరు పెట్టి పిలవడం. ఈ మూడూ జరిగాక ఆ మనిషి తన ఇష్టంతో దిగాడు. నవ్వులపాలు కావలసిన మనిషి ఆ చూపు వల్ల ఆతిథ్యమిచ్చేవాడయ్యాడు. మనుషుల వైపు కెమెరా ఎత్తే ముందు మనం నేర్చుకోవలసిన చూపు ఇది.

తెల్లబరచిన ముఖాలు

ఇక్కడే మరొక మాట చెప్పాలి. కెమెరాలోని వెలుతురు కొలమానానికి మనుషులు తెలియరు. ఎదుట ఉన్నదంతా మధ్యరకపు బూడిదరంగు అనుకుని లెక్క వేస్తుంది. మన పెళ్ళికూతురు తెల్లచీర కడుతుంది. వెనుక బల్బుల మెరుపు ఉంటుంది. ఆ తెలుపునూ మెరుపునూ చూసి యంత్రం వెలుతురు తగ్గిస్తుంది. దానితో నల్లని ముఖాలు మరింత నల్లగా, కళ్ళూ ముక్కూ తెలియకుండా పడతాయి. "నేను మసిబొగ్గులా పడ్డాను" అని నొచ్చుకునేవారిని మీరూ చూసి ఉంటారు. అది ఆ ముఖం తప్పు కాదు, ఆ లెక్క తప్పు. తీసేవాడు ముఖాన్ని చూసి వెలుతురు కొంచెం పెంచుకుంటే, ఆ మనిషిని కాస్త దీపం వైపు తిప్పితే, నలుపులో ఉన్న నిగనిగ కనిపిస్తుంది.

చాలా మంది ఈ శ్రమ పడరు. ఫోనులో ఉన్న మీట నొక్కి ముఖాలన్నిటినీ తెల్లగా, నున్నగా చేసేస్తారు. దీన్ని ఉపకారమనుకుంటారు. ఆలోచించండి. ఎండలో కూలికి వెళ్ళి నలుగురు బిడ్డలను చదివించిన అమ్మ ముఖాన్ని చెరిపి, ఎవరిదో పాలుగారే ముఖాన్ని అంటించి, "ఎంత బాగున్నావో చూడు" అంటే మనం ఆమెకు ఏమి చెప్పినట్లు? దేవుడు తన పోలికలో చేసిన ముఖానికి మన దిద్దుబాటు కావాలని చెప్పినట్లు. నల్లగా ఉండడాన్ని లోపంగా చూసే ఈ సమాజంలో, కట్నం లెక్కల్లో కూడా రంగును కలిపే ఈ సమాజంలో, మన మీట ఆ అన్యాయానికి ఒక చెయ్యి వేస్తుంది. అక్వినాసు గారు అందానికి చెప్పిన లక్షణాల్లో వెలుగు ఒకటి. ఆ వెలుగు వస్తువు తన నిజరూపంలో ప్రకాశించడం. దానికీ తెల్లరంగుకూ సంబంధం లేదు.

సాక్షి అంటే ఎవరు?

చివరకు అతిథి ధర్మం దగ్గరకు వద్దాం. 1563లో ట్రెంటు మహాసభ, గురువు ఎదుటా ఇద్దరు ముగ్గురు సాక్షుల ఎదుటా వివాహం జరగాలని నిర్ణయించింది. 1983 నాటి శ్రీసభ చట్టం 1108వ అధికరణ కూడా గురువుతో పాటు ఇద్దరు సాక్షులను కోరుతుంది. వివాహ రిజిస్టరులో వధూవరుల పేర్లతో పాటు సాక్షుల పేర్లు రాస్తాం. సంస్కారం చెల్లడానికి శ్రీసభ అడిగినది ఫొటో కాదు, అక్కడ ఉండి కళ్ళారా చూసి, చెవులారా విన్న ఇద్దరు మనుషులను. సాక్షి అన్న మాటకు మూలార్థం కూడా కన్నులతో కూడినవాడనే. పెళ్ళికి వచ్చిన ప్రతి అతిథీ రిజిస్టరులో సంతకం పెట్టకపోయినా ఆ విధంగా సాక్షే.

అయితే కన్ను ఫోనులో ఉంటే మనిషి అక్కడ ఉన్నట్లా? అమెరికాలో జెస్యూట్ సభవారి ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయంలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన పరిశోధన 2014లో అచ్చయింది. మ్యూజియంలో వస్తువులను ఊరికే చూసినవాటికంటే ఫొటో తీసినవాటిని జనం తక్కువగా గుర్తుంచుకున్నారని అందులో తేలింది. గుర్తుపెట్టుకునే పనిని యంత్రానికి అప్పగించి మనసు పక్కకు తప్పుకుంటుందన్నమాట. అయితే ఒక వస్తువులోని చిన్న భాగాన్ని దగ్గరగా, శ్రద్ధగా తీసినప్పుడు ఆ మరుపు కనిపించలేదు. తప్పు కెమెరాది కాదు, శ్రద్ధ లేని చూపుది. 2017 నవంబరు 8న పోపు ఫ్రాన్సిస్ గారు పూజ సమయంలో ఫోన్లు పైకెత్తడం చూసి తనకు బాధ కలుగుతుందని బహిరంగంగానే చెప్పారు. ఆ ఫోన్లెత్తేవారిలో గురువులూ, పీఠాధిపతులూ కూడా ఉన్నారని ఆయన దాచలేదు.

గలిలీయలోని కానా పల్లెలో పెళ్ళి జరిగినప్పుడు మరియమాత అతిథిగానే ఉన్నది. అంత సందడిలో ద్రాక్షారసం అయిపోతున్నదని ఆమె గమనించింది. విందు పెద్దకు ఆ ద్రాక్షారసం ఎక్కడినుండి వచ్చిందో చివరకు కూడా తెలియదని యోహాను గారు రాశారు. ఆమెకు మాత్రం లోటు ముందే తెలిసింది. ఆ లోటును ఆమె నలుగురిలో చాటలేదు. తన కుమారునికి చెప్పింది, సేవకులకు చెప్పింది. పెళ్ళివారి పరువు నిలబడింది. అతిథి కన్ను ఎలా ఉండాలో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తోచదు. చూడవలసినదాన్ని చూడడం, చెప్పవలసిన చోటే చెప్పడం.

మనం చేయదగినవి

కనుక మిత్రుని పెళ్ళిలో ఫొటోలు తీయవద్దని నేననడం లేదు. తీయండి. కూలికిచ్చిన ఫొటోగ్రాఫరు వేదికను వదిలి రాడు. ఆ మసకలో ఉన్నవారిని ప్రేమతో చూడగలిగినది మీరే. కాని ముందు కొంతసేపు ఊరికే కూర్చోండి. మీ కళ్ళు ఆ వెలుతురుకు అలవాటు పడనివ్వండి. మనుషులు మీకు అలవాటు పడనివ్వండి. దూరం నుండి లాగవద్దు, దగ్గరకు వెళ్ళండి. ఫ్లాషు కొట్టేబదులు ఆ మనిషిని దీపం దగ్గరకు పిలవండి. బల్ల మీద మోచెయ్యి ఆనించి, ఊపిరి నిలిపి తీయండి. తీసినది చూపించండి. వద్దన్నదాన్ని వారి ఎదుటే చెరిపేయండి. ఎవరి ఫొటోనైనా వారిని అడగకుండా మరొకరికి పంపవద్దు. చిన్నపిల్లలదైతే తల్లిదండ్రులను అడగండి. దివ్యబలిపూజ జరుగుతున్నంతసేపూ ఫోను జేబులోనే ఉండాలి.

ఇంకొక పని కూడా చేయండి. విస్తళ్ళు ఎత్తిన ఆమెనూ, వంట చేసిన పెద్దాయననూ, బ్యాండు వాయించినవారినీ పేరు అడిగి, ఒక ఫొటోకు దిగమని పిలవండి. పిలిస్తే వారు ఎంత సంతోషంగా దిగుతారో చూస్తారు. తర్వాత ఆ ఫొటోను కాగితం మీద వేయించి వారి చేతికి ఇవ్వండి. ఎన్నో పెళ్ళిళ్ళు దగ్గరుండి జరిపించిన వారిలో కొందరికి తాము మంచిగా దిగిన ఒక్క ఫొటో కూడా ఉండదు.

పాపసంకీర్తనానికి ముందు ఆత్మపరిశోధన చేసుకోవడం మనకు పెద్దలు నేర్పిన మంచి అలవాటు. ఈసారి దానిలో ఒక చిన్న భాగం చేర్చుకుందాం. రాత్రి ప్రార్థన అయ్యాక ఫోను తెరిచి, గత పెళ్ళిళ్ళలో తీసిన ఫొటోలు ఒక్కొక్కటిగా చూడండి. ప్రతి ముఖం దగ్గరా ఆగండి. ఈ మనిషికి ఈ ఫొటో సంగతి తెలుసా? తెలిస్తే ఉంచమంటారా, తీసేయమంటారా? ఉంచమంటారనుకున్నవి వారికి పంపండి. మిగిలినవి చెరిపేయండి. ఇప్పటికే పది మందికి పంపినదేదైనా ఉంటే, ఆ పది మందికీ చెప్పి తీసేయించండి. ఆ పని కష్టంగానే ఉంటుంది. అయినా ఎవరి పేరుకు మనం బాకీపడ్డామో వారికి ఆ బాకీ తీర్చడానికి వేరే దారి లేదు.